పంచాయతీ కంప్యూటరు: పాతది ఉంచవలెనా, మార్చవలెనా?

(సిద్దిపేటలో గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము కోమటి చెరువు కట్ట మీదుగా ఈ సమావేశమునకు వచ్చితిమి. మాట్లాడవలసినది కంప్యూటర్లను గూర్చియే అయినను, చెరువు మాటతో మొదలుపెట్టెదము. పూర్వము మన గ్రామములలో చెరువునకు నీరడి యుండెడివాడు. తూము తీయుట, మూయుట, కట్టకు ఎలుక బొక్క పడినచో మట్టి వేసి పూడ్చుట, వాన కురియు రాత్రి కట్టపై తిరిగి చూచుట అతని పని. నీరడి లేకుండ పోయిన మరునాడే చెరువు తెగదు. నీరు ఎప్పటివలెనే కాలువలో పారును, పొలము తడియును. ఒక ఏడాది గడచును, రెండేండ్లు గడచును. బొక్క పెద్దదగుచున్నదని చూచువాడు మాత్రము ఉండడు.

మీ పంచాయతీ కార్యాలయములలోని కంప్యూటర్లలో పెక్కింటిని నడుపుచున్న విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2025 అక్టోబరు 14వ తేదీన అట్లే నీరడి వెళ్లిపోయెను. దానిని తయారు చేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆ దినముతో ఉచితముగా లోపములు సరిదిద్దుట మానుకొన్నది. అంతకు ముందటిదైన విండోస్ 7 నకు 2020 జనవరి 14ననే ఈ గతి పట్టినది. ఇంకను వెనుకటిదైన ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న పట్టినది. ఇప్పటికిని ఆ పాత యంత్రములతోనే పని గడుపుచున్న కార్యాలయములు లేకపోలేదు.

మేము ఒక గ్రామమున ఈ సంగతి చెప్పగా, పెద్దవారగు ఒక వార్డు సభ్యులు లేచి, "ఉన్నది మంచిగనే నడుస్తున్నది గదా సారూ, ఎందుకు మార్చుడు? ఆ పైసలతోని నాలుగు వీధి దీపాలు పెట్టుకోరాదా?" అని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. దానిని త్రోసివేసి ముందుకు పోవుట మాకు సమ్మతము కాదు. పంచాయతీ సాధారణ నిధిలో ఉండునదే కొంచెము. పన్ను వసూలైన రూపాయిని ఎక్కడ ఖర్చు పెట్టవలెనో తేల్చువారు మీరే. కనుక ఆ పెద్దమనిషికి ఇయ్యవలసిన సమాధానమునే నేటి ప్రసంగముగా చేయుచున్నాము.

మొదట ఆపరేటింగ్ సిస్టమ్ అనగా ఏమో తెలిసికొందము. పెట్టె వేరు, దానిలో నడచు పనులు వేరు. రసీదు అచ్చు వేయుట, లెక్క వ్రాయుట, ఇంటర్నెట్‌లో పోర్టలు తెరచుట, ఇవి పనులు. ఈ పనులన్నిటికిని నడుమ నిలిచి, ఏ తాళమును ఎవరు తీయవచ్చునో నిర్ణయించు ఏర్పాటే ఆపరేటింగ్ సిస్టమ్. అది కోట్ల వరుసల వ్రాతతో కూడినది. అంత పెద్ద వ్రాతలో తప్పులు లేకుండ ఉండుట అసంభవము. ఆ తప్పులే దొంగలకు కన్నములు. తయారుదారు నెలనెలా ఆ కన్నములను వెదకి పూడ్చి పంపును. దానినే అప్‌డేటు అందురు.

ఇచ్చట గమనింపవలసిన ముఖ్యాంశమొకటి కలదు. క్రొత్త విండోస్‌కు పూడిక వచ్చినప్పుడు దొంగలు ఊరక కూర్చుండరు. ఆ పూడికను విప్పి, ఏ చోట మట్టి వేసిరో చూతురు. క్రొత్తదానిలోని వ్రాత చాలవరకు పాతదాని నుండి వచ్చినదే గనుక, అదే కన్నము పాతదానిలో తెరచియే యుండవచ్చునని వారికి తెలియును. అనగా క్రొత్తదానికి చేయు ప్రతి మరమ్మతును పాతదాని లోపమును చాటింపు వేసి చెప్పినట్లగుచున్నది. నీరడి లేని చెరువునకును, ఆదరణ ముగిసిన కంప్యూటరునకును ఇదియే భేదము. చెరువు కన్నమును ప్రక్క ఊరివారు వెదకరు. దీనిని ప్రపంచమంతటను వెదకుచుందురు.

ఇది ఉత్త బెదిరింపు కాదు. 2017 మే 12వ తేదీన వానాక్రై అను దొంగ ప్రోగ్రాము ప్రపంచముపై బడి, దాదాపు 150 దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లను పట్టుకొనెను. పట్టిన యంత్రములోని పత్రములన్నిటికిని తాళము వేసి, తీయవలెనన్న 300 డాలర్లు చెల్లింపుమని తెరపై వ్రాసెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చెను. మన పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకొనెను. అప్పటికి ఎక్స్‌పీకి ఆదరణ ముగిసి మూడేండ్లయినది.

అయితే ఈ కథలో రెండవ సగము కూడ చెప్పవలెను. దానిని చెప్పక దాచుట క్రొత్త కంప్యూటర్లు అమ్మువారికే లాభము. ఆ దాడిలో పట్టువడిన వానిలో అత్యధికములు ఎక్స్‌పీ యంత్రములు కావు, విండోస్ 7 యంత్రములు. విండోస్ 7 నకు ఆనాడు ఆదరణ యున్నది. ఆ కన్నమునకు పూడిక దాడికి రెండు నెలల ముందే, మార్చి 14ననే వచ్చియున్నది. దానిని వేయించుకొనక వాయిదా వేసినవారే నష్టపడిరి. కనుక క్రొత్తది కొని, అప్‌డేటు అడిగినప్పుడెల్ల "తరువాత చూతము" అని నొక్కుచు పోయినచో, కొన్న డబ్బు వ్యర్థము.

ఇక పంచాయతీకి పోవునదేమి? జనన మరణముల వ్రాతలు, ఇంటి పన్ను లెక్కలు పోయినను పెద్ద చిక్కే. కాని అంతకంటె పెద్దది మరొకటి కలదు. అది సంతకము.

2020 ఏప్రిల్ 24న పంచాయతీ రాజ్ దినోత్సవమున ఈ-గ్రామస్వరాజ్ పోర్టలు ప్రారంభమైనది. ఆర్థిక సంఘము నిధులను ఆ పోర్టలు ద్వారా డిజిటల్ సంతకముతో చెల్లించుచున్నారు. ఆ సంతకము ఒక చిన్న డాంగిలులో ఉండును. దానిని కంప్యూటరునకు తగిలించి పిన్ కొట్టినచో, కలముతో వ్రాసిన సంతకమునకు గల విలువయే దానికిని కలదని 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము చెప్పుచున్నది. అదే చట్టము 42వ సెక్షను, సంతకపు తాళమును తగిన జాగ్రత్తతో తన అధీనమందే ఉంచుకొను బాధ్యతను సంతకము గలవారి మీదనే పెట్టినది. కన్నములున్న కంప్యూటరులో దొంగ ప్రోగ్రాము చేరినచో, మీరు కొట్టు పిన్‌ను అది చూడగలదు. డాంగిలు తగిలించియున్నంత సేపు మీ చేతితోనే సంతకము చేయించగలదు. వీధి దీపముల నిధి ఏ ఖాతాలోనికి పోయినదో తెలియు సరికి నెల గడచును. అప్పుడు సమాధానము చెప్పవలసినది పెట్టె కాదు, ఆ సంతకము గల మనిషి. ఆ వార్డు సభ్యుల ప్రశ్నకు మా సమాధానము ఇదియే: దీపముల డబ్బును కాపాడుటకే ఈ ఆలోచన.

అట్లని రేపే మార్చుడని మేము చెప్పము. తొందరపడి మార్చుట వలన జరిగిన నష్టమును మేము కన్నులార చూచితిమి. ఒక గ్రామమున, ఊరు పేరు వద్దు, మార్చి నెల చివరి వారమున కంప్యూటరు మందకొడిగా నున్నదని ఒక మెకానిక్కును పిలిచిరి. అతడు మంచివాడే. సాయంకాలమునకు క్రొత్త విండోస్ ఎక్కించి, మెరయుచున్న తెర చూపి వెళ్లెను. మరునాడు చూడగా డాంగిలును ఆ యంత్రము గుర్తింపలేదు. దానిని నడుపు చిన్న సాఫ్ట్‌వేరు పాతదానితో పాటు తుడిచిపెట్టుకొని పోయినది. సంవత్సరాంతపు చెల్లింపులు నిలిచిపోయెను. పారిశుద్ధ్య కార్మికులు జీతమునకై కార్యాలయపు మెట్లపై కూర్చుండిరి. వారిని చూచి కార్యదర్శి కంట నీరు పెట్టుకొనుట మేము మరువలేదు.

అంతటితో పోలేదు. పూర్వపు తీర్మానములు ఒక పెన్ డ్రైవులో దొరకినవి గాని, తెరచి చూడగా తెలుగునకు బదులు ఆంగ్లాక్షరములు, గీతలు, చుక్కలు కలగాపులగముగా కనబడినవి. ఇది చాల పంచాయతీలకు రాగల చిక్కు గనుక కొంచెము నిలిచి చెప్పెదము. మన కార్యాలయములలో ఏండ్ల తరబడి అను ఫాంట్లతో తెలుగు టైపు చేసిరి. ఆ పద్ధతిలో కంప్యూటరు లోపల తెలుగు అక్షరము ఉండదు. ఆంగ్లాక్షరపు స్థానమున తెలుగు బొమ్మను కూర్చుండబెట్టినట్లుండును. ఆ ఫాంటు లేని యంత్రమున బొమ్మ పోయి ఆంగ్లాక్షరమే మిగులును. యూనికోడ్ అను పద్ధతిలో మాత్రము ప్రతి తెలుగు అక్షరమునకు ప్రపంచమంతటను ఒకే సంఖ్య కలదు. కావున యంత్రము మారినను వ్రాత చెడదు. మన సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకు ముందటి మీ తీర్మానములు "మెదక్ జిల్లా" అను శీర్షికతో పాత ఫాంట్లలో ఉండిన ఉండవచ్చును. భూముల దారులు, ఇంటి హద్దుల తగవులు వచ్చినప్పుడు వెదకునవి ఆ కాగితములనే. వానిని పాత యంత్రము నడచుచుండగానే పీడీఎఫ్‌గా మార్చి, అచ్చు తీయించి దస్త్రములో పెట్టుడు. ఇకమీదట వ్రాయునవి యూనికోడ్‌లో వ్రాయుడు. సురవరం, మండలి, రామరాజ, మల్లన్న మొదలగు చక్కని యూనికోడ్ ఫాంట్లు ఉచితముగనే దొరకుచున్నవి. సురవరం ప్రతాపరెడ్డి గారి పేరిట ఒక ఫాంటు ఉండుట మాకు ప్రత్యేకముగా సంతోషము.

ఇప్పుడు మీ యంత్రము ఏ స్థితిలో నున్నదో చూచు విధము. కీబోర్డు మీద విండోస్ గుర్తు గల మీటను, ఆర్ అక్షరమును కలిపి నొక్కి, వచ్చిన చిన్న గడిలో విన్‌వర్ అని ఆంగ్లాక్షరములలో కొట్టినచో, ఏ విండోస్ నడుచుచున్నదో తెరపై కనబడును. దీనికి మెకానిక్కు అక్కరలేదు. వార్డు సభ్యులెవరైనను చూడవచ్చును, చూడవలెను.

అందు విండోస్ 10 అని వచ్చినచో, మొదట విండోస్ 11 నకు ఆ పెట్టె తగునా అని పరీక్షింపవలెను. 4 జీబీ మెమరీ, 64 జీబీ స్థలము, టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు, కంపెనీ ఒప్పుకొన్న ప్రాసెసరు కావలెను. ఇంటెల్ వానిలో సాధారణముగా ఎనిమిదవ తరము నుండియే ఒప్పుకొందురు. అనగా 2017కు ముందు తయారైన పెట్టెలు చాలవరకు పనికి రావు. పీసీ హెల్త్ చెక్ అను కంపెనీ వారి ఉచిత సాధనము ఈ పరీక్ష చేసి చెప్పును. ఒక్క మాట: టీపీఎం లేదని వచ్చినంత మాత్రమున నిరాశ చెందవలదు. కొన్ని పెట్టెలలో ఆ చిప్పు ఉండియు, లోపలి అమరికలో ఆపివేయబడి యుండును. తెలిసినవారు దానిని ఐదు నిమిషములలో తెరచెదరు. పెట్టె తగినదైనచో, లైసెన్సు గల విండోస్ 10 నుండి 11 నకు మారుటకు ఒక్క రూపాయి కూడ కట్టనక్కరలేదు. ఈ సంగతి తెలియక క్రొత్త పెట్టె కొనిన పంచాయతీ వీధి దీపముల డబ్బును నిజముగనే పారవేసినట్లు.

తగదని తేలినచో మూడు దారులు గలవు.

మొదటిది, డబ్బు కట్టి నీరడిని మరికొంత కాలము ఉంచుకొనుట. ఇండ్లలోని కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు ఒక్క ఏడాది గడువు ఇచ్చిరి. సంస్థలకు మూడేండ్ల వరకు అవకాశమిచ్చి, మొదటి ఏట యంత్రమునకు 61 డాలర్లు, తరువాత ప్రతి ఏట రెట్టింపు అని ధర పెట్టిరి. 61, 122, 244 కలిపినచో 427 డాలర్లు, అనగా ముప్పదియైదు వేల రూపాయలకు పైమాట. రెండవ ఏట చేరినవారు మొదటి ఏటి రుసుము కూడ చెల్లింపవలెను. పాత పెట్టెకు ఇంత పోయుట మాకు సరిగా తోచలేదు. క్రొత్త పెట్టె వచ్చు వరకు ఒక్క ఏడాది గడుపుకొనుటకైన సరే.

రెండవది లినక్సు. ఇది ఎవరి సొత్తును కాని, వ్రాత అందరికిని తెరచియుంచిన ఆపరేటింగ్ సిస్టమ్. రుసుము లేదు, పాత పెట్టెలో సైతము చురుకుగా నడచును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్లుగా దీనితోనే నడుచుచున్నవి. కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సీ-డాక్ వారు బాస్ అను పేర భారతీయ భాషలతో దీనిని తయారు చేసిరి. రక్షణ మంత్రిత్వ శాఖ 2023లో మాయా అను లినక్సును తన కంప్యూటర్లకు ఎన్నుకొనెను. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ ఈ సాఫ్ట్‌వేరును తెలుగులోనికి తెచ్చుటకు శ్రమించినది. మాకు లినక్సుపై అభిమానము గలదని ఒప్పుకొనుచున్నాము. ఐనను అభిమానమునకు పంచాయతీ పనిని బలి పెట్టరాదు. మీ డాంగిలు, మీ ప్రింటరు, మీ తెలుగు టైపింగు దానిలో నడచిననే మారవలెను. లినక్సును యంత్రములో ఎక్కింపకయే పెన్ డ్రైవు నుండి నడిపి చూడవచ్చును. ఒక దినము ప్రింటరుతోను, తెలుగు టైపింగుతోను అట్లు చూచి, డాంగిలును తయారు చేసినవారు లినక్సునకు సాఫ్ట్‌వేరు ఇచ్చుచున్నారో లేదో విచారించి, తరువాత నిర్ణయింపుడు.

మూడవది క్రొత్త పెట్టె కొనుట. లైసెన్సుతో కూడిన విండోస్ ఉన్నదనియే బిల్లులో వ్రాయించుకొనుడు. దొంగ కాపీ ఎక్కించి తక్కువ ధర చెప్పువారు గలరు. దానిలో తాళము తెచ్చినవాడే కన్నమును కూడ తెచ్చియుండవచ్చును. ప్రభుత్వపు జెమ్ పోర్టలును 2023 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్‌తో కలిపిరి గనుక ధరలను అచ్చట పోల్చి చూడుడు. ఏ నిధి నుండి కొనవచ్చునో మండల పంచాయతీ అధికారిని ముందుగ వ్రాతపూర్వకముగా అడుగుడు. కొనిన తరువాత ఆడిట్‌లో అడిగించుకొనుట కంటె అది మేలు.

విన్‌వర్‌లో విండోస్ 7 అని వచ్చినవారికి ఇంత విచారణ అక్కరలేదు. క్రోమ్ బ్రౌజరు 2023 ఫిబ్రవరి నుండియే విండోస్ 7 నకు క్రొత్త కూర్పులు ఇచ్చుట మానినది. క్రొత్త పోర్టళ్లు దానిలో ఒక్కొక్కటిగా తెరచుకొనక పోవును. ఆ పెట్టెకు ఇంటర్నెట్ తీగ తీసివేసి, పాత ఫాంట్ల దస్త్రములు చదువుటకు మాత్రము ఒక మూల ఉంచుకొనవచ్చును. డాంగిలును మాత్రము దానికి ఎన్నడును తగిలింపరాదు.

మన జిల్లావారు క్రొత్త పద్ధతికి వెరచువారు కారు. 2016లో పెద్దనోట్ల రద్దు తరువాత ఇబ్రహీంపూర్ గ్రామము కార్డులతో కొనుగోలు నేర్చి, నగదురహిత గ్రామముగా పేరు పొందినది. అక్షరము రాని అవ్వలు సైతము కార్డు గీయించి సరుకు కొనిరి. నేర్పువారుండిన పంచాయతీ సభ్యులకు విన్‌వర్ ఒక లెక్క కాదు.

ఇక ఈ పని ఎప్పుడు, ఎట్లు చేయవలెను? ఫిబ్రవరి, మార్చి నెలలలో చేయరాదు. ఏప్రిల్ తరువాత, చెల్లింపుల ఒత్తిడి తగ్గినప్పుడు చేయవలెను. నెలవారీ సమావేశమున విషయము పెట్టి, విన్‌వర్‌లో ఏమి కనబడినదో, పెట్టె తగునో తగదో, ఎంత ఖర్చో చదివి వినిపించి తీర్మానము వ్రాయుడు. ఒక్క కార్యదర్శి నెత్తిపై ఈ భారము వేయుట అన్యాయము. మార్పునకు ముందు దస్త్రములన్నిటిని రెండు వేరు వేరు డిస్కులకు ఎక్కించి, ఒకటి కార్యాలయపు బీరువాలోను, రెండవది మరొక భవనములోను ఉంచుడు. ఎక్కించితిమని నమ్మి ఊరకుండక, వేరొక కంప్యూటరులో తెరచి చూడుడు. డాంగిలు సాఫ్ట్‌వేరును, ప్రింటరు సాఫ్ట్‌వేరును ముందుగనే దింపి పెట్టుకొనుడు. మార్పు జరిగిన వెంటనే మెకానిక్కును పంపివేయక, అతని ఎదుటనే ఒక రసీదు అచ్చు వేసి, పోర్టలు తెరచి, డాంగిలు తగిలించి చూచి, అప్పుడు డబ్బు ఇయ్యుడు.

పిన్ కొట్టునప్పుడు మాత్రము ఆ మెకానిక్కును బయట నిలువుమనుడు. పిన్ వ్రాసిన చీటీని కీబోర్డు క్రింద అంటించి యుంచుట రెండు కార్యాలయములలో మేము చూచితిమి. మీ గ్రామమునకు చేరగానే కీబోర్డు ఎత్తి చూచి, చీటీ యున్నచో చించివేసి, పిన్ మార్పించుడు.